డయోడ్ల మీద పడ్డ నింద: ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ మరమ్మతు కథనం

గత మే నెలలో, ఎండ 44 డిగ్రీలు దాటిన ఒక మధ్యాహ్నం, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక యువకుడు బస్సులో విజయవాడ వచ్చి, చేతిరుమాలులో చుట్టిన చిన్న అల్యూమినియం పెట్టెను నా బల్ల మీద పెట్టాడు. కాలితో తొక్కి గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చుకునే ఓవర్‌డ్రైవ్ పెడల్ అది. అతడు అక్కడి ఒక చర్చి బృందంలో గిటార్ వాయిస్తాడు. పెట్టెతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు గాజు డయోడ్లు (కరెంటును ఒక వైపే పోనిచ్చే చిన్న విడిభాగాలు) కూడా తెచ్చాడు. రోగితో పాటు మందు కూడా తానే తెచ్చుకున్నాడన్నమాట.

“మాస్టారూ, శబ్దం వస్తోంది గానీ అందులో ప్రాణం లేదు. జెర్మేనియం డయోడ్లు పోయాయి. కొత్తవి తెచ్చాను, మార్చిపెడితే చాలు” అన్నాడు.

సత్యనారాయణపురంలో ముప్పై ఏళ్లకు పైగా యాంప్లిఫయర్లు, కీబోర్డులు, మిక్సర్లు బాగుచేస్తున్న నాకు గిటార్ పెడళ్లు రావడం మొదలై పదేళ్లే అయింది. వాటిలోనూ చేత్తో కొద్ది సంఖ్యలో తయారయ్యేవాటిని ఈ పిల్లలు ‘బొటీక్ పెడళ్లు’ అంటారు. మన దగ్గర బొటీక్ అంటే బ్లౌజులు కుట్టి మగ్గం వర్కు చేసే చోటు కాబట్టి, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం ఆ పోలిక బాగానే అతికినట్టు అనిపించింది. రెండు చోట్లా పనిచేసేది ఒకరిద్దరే. ఖరీదులో ఎక్కువ భాగం చేతి పనికే పోతుంది. ధరించినవాళ్లకు తప్ప ఇతరులకు తేడా అంతగా కనిపించదు.

ఈ పెడల్ కూడా అలాంటిదే. మన దేశంలోనే ఒక చిన్న తయారీదారు చేసినది. దీనికి మూలమైన డిజైన్ గిటార్ లోకంలో అందరికీ తెలిసిన క్లోన్ సెంటార్ (Klon Centaur) అనే పెడల్. అమెరికాలోని బోస్టన్ ప్రాంతానికి చెందిన బిల్ ఫినెగన్ 1994లో దాన్ని విడుదల చేసి, సుమారు పదిహేనేళ్ల పాటు తానే కూర్చుని సుమారు 8000 పెడళ్లు తయారుచేశాడు. ఎవరూ కాపీ కొట్టకుండా లోపలి బోర్డు మీద ఎపాక్సీ అనే, రాయిలా గట్టిపడే నల్లటి జిగురు పోసేవాడు. పోసినకొద్దీ కుతూహలం పెరిగింది; చివరికి ఎవరో ఆ పూతను ఒలిచి సర్క్యూట్ గీశారు; ఇవాళ ప్రపంచమంతటా దాని నకళ్లు తయారవుతున్నాయి. అసలు సెంటార్ చేతులు మారితే లక్షల రూపాయలు పలుకుతుంది. ఆ ధర చుట్టూ అల్లుకున్న కథలన్నిటిలోకీ పెద్దది, ఆ శబ్దం గొప్పతనమంతా అందులోని జెర్మేనియం డయోడ్లదే అనే కథ. ఆ కుర్రవాడు తన రోగనిర్ధారణను సరిగ్గా ఆ కథలోంచే తెచ్చుకున్నాడు.

ఫిర్యాదు

‘ప్రాణం లేదు’ అన్న మాటతో మల్టీమీటర్ పట్టుకుని చేయగలిగింది ఏమీ లేదు. అందుకని గిటార్ అతడి చేతికే ఇచ్చి, పన్నెండు అంగుళాల స్పీకరు ఉన్న నా పాత యాంప్‌కు కలిపి వాయించమన్నాను. కరెంటు మాత్రం నా బెంచి సప్లై నుంచి సరిగ్గా 9 వోల్టులు ఇచ్చాను. పది నిమిషాలు విన్నాక నాకు నాలుగు విషయాలు తేలాయి. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ శబ్దం నిక్షేపంగా ఉంది. ఆన్ చేస్తే ఎర్ర దీపం వెలుగుతోంది, శబ్దమూ వస్తోంది. తీగను మెల్లగా మీటితే ఫరవాలేదు గానీ, గట్టిగా కొట్టినప్పుడు గుడ్డ చిరిగినట్టు వినిపిస్తోంది. సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్ నాబ్‌ను పూర్తిగా తగ్గించినా ఆ చిరుగు పోవడం లేదు.

ఈ నాలుగోది విన్న క్షణం నుంచీ డయోడ్లను అనుమానించడం మానేశాను. ఎందుకో చెప్పాలంటే ఈ సర్క్యూట్ పనితీరును కొంచెం వివరించాలి.

ఓవర్‌డ్రైవ్ పని సూత్రప్రాయంగా చిన్నదే. గిటార్ సిగ్నల్‌ను బాగా పెంచి, ఒక ఎత్తు దాటిన శిఖరాలను డయోడ్లతో వంచేస్తారు. 1979లో వచ్చిన ఐబనేజ్ టీఎస్ 808 ట్యూబ్ స్క్రీమర్‌లో సిలికాన్ డయోడ్ల జత ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచే ఐసీ) ఫీడ్‌బ్యాక్ దారిలోనే, అంటే బయటికొచ్చిన సిగ్నల్‌ను కొంత వెనక్కి పంపే దారిలోనే, ఉంటుంది. పైగా అక్కడి 4.7 కిలో ఓముల రెసిస్టరు, 0.047 మైక్రోఫ్యారడ్ల కెపాసిటరు కలిసి సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న స్వరాలను అంతగా పెంచనివ్వవు. ఆ ఆకుపచ్చ పెడల్ తొక్కగానే కింది స్వరాలు పలచబడి, మధ్య స్వరాలు ముక్కుతో పాడినట్టు ముందుకు రావడానికి ఇదే కారణం. దాన్ని ఇష్టపడేవాళ్లు ఇష్టపడేదీ, విసుక్కునేవాళ్లు విసుక్కునేదీ ఈ గుణాన్నే.

సెంటార్ దారి వేరు. అందులో సిగ్నల్ రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయను పెంచి, జెర్మేనియం డయోడ్ల జతతో వంచుతారు. రెండో పాయ డయోడ్లను తాకకుండా పక్కగా వచ్చి, చివర్లో ఇంకో ఐసీ దగ్గర మొదటిదానితో కలుస్తుంది. గెయిన్ నాబ్ ఒకే కడ్డీ మీద రెండు వరుసలున్న పొటెన్షియోమీటరు కావడం వల్ల, దాన్ని తగ్గించేకొద్దీ వంగిన పాయ సన్నబడి శుభ్రమైన పాయ పెరుగుతుంది. కాబట్టి గెయిన్ సున్నాలో ఉన్నప్పుడు వినిపించే శబ్దంలో డయోడ్ల వాటా దాదాపు లేనట్టే. అక్కడ కూడా శబ్దం చిరుగుతోందంటే, రెండు పాయలూ కలిసిన తర్వాత ఎక్కడో తేడా ఉండాలి.

కుర్రవాడు అంత తేలిగ్గా వదల్లేదు. “ఎండలకు జెర్మేనియం పాడవుతుందంటారు కదా మాస్టారూ?” అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1966 నాటి ఫజ్ ఫేస్ తరహాలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన ఫజ్ పెడళ్లు మన ఎండాకాలంలో గొంతు మార్చుకోవడం నేను స్వయంగా చూశాను. వేడికి ట్రాన్సిస్టరులో లీకేజీ పెరిగి బయాస్, అంటే అది సరిగ్గా పనిచేయడానికి పెట్టిన వోల్టేజీ స్థాయి, జారిపోతుంది. జనవరిలో నిండుగా పలికిన పెడల్ మే నెలలో గొంతు పట్టినట్టు మూలుగుతుంది. డయోడ్ విషయం అంత దూరం పోదు. ఒక్కో డిగ్రీకి దాని వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఏసీ హాలులో 25 డిగ్రీల నుంచి బయట 45 డిగ్రీలకు వచ్చినా, 300 మిల్లీవోల్టులకు 40 తగ్గుతుందంతే. శబ్దం రవ్వంత మెత్తబడవచ్చు. చిరుగు మాత్రం పుట్టదు.

మూత తీశాక

నాలుగు స్క్రూలు విప్పితే పనితనం కనిపించింది. వైర్లన్నీ ఒకే పొడవున, ఒకే వంపుతో, పూలజడ అల్లినట్టు కట్టి ఉన్నాయి. సోల్డర్ చుక్కలన్నీ ఒకే నిగారింపుతో ఉన్నాయి. ఇలాంటి బోర్డు చూసినప్పుడు, పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో నాకు అర్థమవుతుంది, దాన్ని వెక్కిరించబుద్ధి కాదు. తయారీదారు ఫినెగన్ సంప్రదాయాన్ని పాటించి ఎపాక్సీ పోశాడు గానీ, బోర్డు మొత్తానికి పోయలేదు. డయోడ్లు ఉన్న మూల మీద మాత్రం నల్లటి ముద్ద ఒకటి, గోళీ అంత, పెట్టాడు.

కుర్రవాడు ఆ ముద్దను చూసి, వేడి గాలితో కరిగించి తీయాలేమో అన్నాడు. అవసరం రాలేదు. బోర్డును తిప్పితే డయోడ్ల కాళ్ల సోల్డరు కింది వైపున బయటికే ఉంది. అడాప్టర్ తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి ఆ రెండు చుక్కలను తాకితే ఒక వైపు 0.29, ప్రోబులు తారుమారు చేస్తే 0.30 చూపించింది. ఎదురెదురుగా కట్టిన జెర్మేనియం డయోడ్ల జత ఆరోగ్యంగా ఉంటే రావలసిన అంకెలు అవే. తెగిపోతే మీటరు దాదాపు ఏమీ చూపేది కాదు, షార్ట్ అయితే సున్నా వచ్చేది, ఎవరైనా సిలికాన్‌వి వేసి మోసం చేసి ఉంటే 0.6 దగ్గర నిలిచేది. ముద్ద కింద దాచిన వస్తువు క్షేమంగా ఉంది.

ఇక మిగిలింది కరెంటు సరఫరా. సెంటార్ డిజైన్‌లో నాకు నచ్చే తెలివి అక్కడే ఉంది. బయటి నుంచి వచ్చేది 9 వోల్టులే. మొదటి ఐసీ, అంటే గిటార్‌ను అందుకునే బఫరూ సిగ్నల్‌ను పెంచే భాగమూ ఉన్న టీఎల్ 072, ఆ 9 వోల్టుల మీదే నడుస్తుంది. రెండు పాయలను కలిపే రెండో టీఎల్ 072కు మాత్రం, ఎనిమిది కాళ్ల ఒక చిన్న చార్జ్‌పంప్ ఐసీ, కెపాసిటర్లను క్షణక్షణం నింపి ఒంపుతూ, ఒక పక్క సుమారు 18 వోల్టులు, ఇంకో పక్క మైనస్ 9 వోల్టులు తయారుచేసి ఇస్తుంది. ఎత్తైన సిగ్నల్ వచ్చినా ఆ ఐసీకి తల తగలకుండా కావలసినంత ఎత్తు పైకప్పు వేసినట్టు. ‘గిటార్ గొంతు మారకుండా బలం వస్తుంది’ అని ఈ పెడల్ అభిమానులు మెచ్చుకునే గుణంలో ఈ పైకప్పుకూ పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. కథలన్నీ డయోడ్ల మీద ఉన్నాయి గానీ దీని మీద ఎవరూ చెప్పుకోరు.

కొలిచాను. పైన, దారిలోని డయోడ్ల నష్టం పోగా, 16.7 వోల్టుల దగ్గర ఉండాల్సిన చోట 7.9 మాత్రమే ఉంది. కింద మైనస్ 8.7 ఉండాల్సిన చోట ప్లస్ 0.5 కనిపించింది. చార్జ్‌పంప్ అసలు ఆడడం లేదు. దాని వీపు మీద వేలు పెడితే, ఉడికిన గుడ్డు పట్టుకున్నంత వేడి. పెడల్ మొత్తానికి 20 మిల్లీయాంపులు సరిపోవాలి, బెంచి సప్లై 74 చూపిస్తోంది. పంప్ ఆగినా, బయటి 9 వోల్టులే పంప్ పక్కనున్న వేరే రెండు డయోడ్ల గుండా జారుకుంటూ 7.9గా మిగిలాయి. అందుకే శబ్దం పూర్తిగా ఆగకుండా కుంటుతూ వచ్చింది. ఆఫ్‌లో బాగా వినిపించడానికి కారణం కూడా ఇదే; ఆఫ్‌లోనూ శబ్దం పోయేది మొదటి ఐసీలోని బఫరు గుండానే, దానికి పంప్‌తో నిమిత్తం లేదు.

సిగ్నల్‌ను అలలా గీసి చూపే ఆసిలోస్కోప్ తెరను అతడి వైపు తిప్పి, గెయిన్ సున్నాలో ఉంచి, 1 కిలోహెర్ట్జ్ అలను లోపలికి పంపి, కొంచెం కొంచెంగా పెంచాను. జెర్మేనియం డయోడ్ అలను వంచితే శిఖరం భుజంలా గుండ్రంగా దిగుతుంది. తెర మీద కనిపిస్తున్నది అది కాదు. మధ్యబిందువు నుంచి పైకి సుమారు 2 వోల్టుల దగ్గర, కిందికి రెండున్నర దగ్గర, కత్తిపీట మీద కోసినట్టు చదునుగా తెగిపోయింది. ఐసీ తల పైకప్పుకు తగులుతోంది. కుర్రవాడు చాలాసేపు చూసి, తన డయోడ్ల కవరును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

అడాప్టర్

పోయిన ఐసీ మీద మ్యాక్స్ 1044 అని ఉంది. అది 10 వోల్టుల లోపు పనిచేయడానికి చేసినది; 10.5 దాటితే దాని ప్రాణానికి పూచీ లేదు. దానంతటదే పోయే రకం కాదు కాబట్టి ఏ అడాప్టర్ వాడుతున్నావని అడిగాను. మామూలుదేనన్నాడు. ఆ ‘మామూలుది’ పట్టుకుని మళ్లీ రమ్మన్నాను.

రెండు రోజుల తర్వాత తెచ్చింది సీసీ కెమెరాల అడాప్టర్. దాని మీద 12 వోల్టులు, 2 యాంపులు అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. తన పాత అడాప్టర్ పోతే, చర్చిలో ఖాళీగా ఉన్న ఇది తీసుకున్నాడట. గిటార్ పెడళ్లకు ప్లగ్ మధ్యలో మైనస్ ఉండాలని, కెమెరాలవాటికి మధ్యలో ప్లస్ ఉంటుందని బృందంలో ఒకరు చెబితే, వైరు కోసి, రెండు తీగలనూ తారుమారు చేసి, టేపు చుట్టారు. సగం సరైన పని చేశారు. పోలారిటీ గురించి అంత జాగ్రత్త పడ్డవాళ్లు అచ్చు వేసిన అంకెను చూడలేదు. పెడల్ ఆ 12 వోల్టుల మీద మూడు ఆదివారాలు నడిచి నాలుగో ఆదివారం చిరిగింది. ఆ మూడు వారాలూ శబ్దం ఇదివరకటికంటే బాగుందని కూడా అతడు చెప్పాడు. నేను నమ్మాను, పైకప్పు ఇంకా ఎత్తుకు పోయింది కదా. కాకపోతే 12 వోల్టులతో రెండో ఐసీకి రెండు కొసల మధ్య 35 వోల్టుల దాకా చేరుతుంది. సాధారణ టీఎల్ 072 హద్దు 36. అది బతికి బయటపడటం అదృష్టమే.

నా పొరపాటు

ఇక్కడి నుంచి కేసులో తప్పు నాది.

గవర్నర్‌పేట దుకాణాల్లో మ్యాక్స్ 1044 దొరకలేదు. కాళ్ల అమరిక ఒకటే కాబట్టి ఐసీఎల్ 7660 తెచ్చి వేశాను. పైన 16.7, కింద మైనస్ 8.7 వచ్చాయి. అల గుండ్రంగా వంగింది. యాంప్‌లో గంటసేపు వాయించి, కుర్రవాడు మురిసిపోయి తీసుకెళ్లాడు. వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “మాస్టారూ, పెడల్ తొక్కితే సన్నగా ఈల వినిపిస్తోంది. అందరికీ కాదు, కొందరికే” అన్నాడు.

మరునాడు తెస్తే మళ్లీ అదే యాంప్‌కు కలిపాను. నాకు ఏమీ వినిపించలేదు. అతడి చర్చిలో స్టేజీ మీద యాంప్ పెట్టనివ్వరని, గిటార్ డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) గుండా నేరుగా మిక్సర్‌లోకి పోతుందని అప్పుడు తెలిసింది. నేను మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అది. గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. అంతకు మించిన ఈల ఏదైనా దాని కాగితం కోనులోనే సమాధి అవుతుంది. పెడల్‌ను మిక్సర్‌కు, మిక్సర్‌ను హెడ్‌ఫోన్‌కు కలిపి విన్నాను. అప్పుడు కూడా వినిపించలేదు. మా అమ్మాయిని పిలిచి చెవులకు పెడితే, పెట్టీ పెట్టకముందే తీసేసి, “అబ్బా, దోమ చెవిలో దూరినట్టుంది నాన్నా” అంది. నాకు 58 ఏళ్లు. ఈ వృత్తిలో చెవి మీద ఎంత నమ్మకం పెట్టుకున్నా, పై స్వరాలు వయసుతో ఒక్కొక్కటే వెళ్లిపోతాయని తెలిసి కూడా, ఆ రోజు దాకా నా విషయంలో ఒప్పుకోలేదు.

స్కోపు పెట్టాక కారణం పది నిమిషాల్లో దొరికింది. చార్జ్‌పంప్‌ను నడిపే లోపలి ఆసిలేటరు వేగం సెకనుకు పది వేల సార్లు, అంటే 10 కిలోహెర్ట్జ్. అది మనిషి చెవి హద్దుల్లోనే ఉంది. మ్యాక్స్ 1044లో ఒకటో కాలును ప్లస్ సరఫరాకు కలిపితే ఆ వేగం చెవికి అందనంత పైకి పోతుంది. తయారీదారు ఆ పని చేసే ఉన్నాడు. ఒకటో కాలి నుంచి ఎనిమిదో కాలికి బోర్డు మీద సన్నటి రాగి గీత ఉంది. నేను వేసిన ఐసీఎల్ 7660లో ఒకటో కాలు ఉత్తిది, లోపల దేనికీ కలవదు. గీత ఉన్నా ఫలితం లేక, ఐసీ తన మామూలు వేగంతోనే ఈల వేసుకుంటూ నడిచింది. కావలసింది చివర ‘ఎస్’ అక్షరం ఉన్న 7660. ఆ ఒక్క అక్షరంతో ఒకటో కాలు పనిలోకి వస్తుంది, వేగం 35 కిలోహెర్ట్జ్‌కు చేరుతుంది. డేటాషీటులో మొదటి పేజీ చూసినా తెలిసేది. కాళ్ల అమరిక సరిపోయిందని చూసుకుని నేను ఊరుకున్నాను. అడాప్టర్ మీద అంకె చూడనివాళ్లను తప్పుపట్టిన వారం లోపే ఐసీ మీద అక్షరాన్ని నేనూ చూడలేదు.

ఐసీఎల్ 7660ఎస్ తెప్పించడానికి ఆరు రోజులు పట్టింది. ఈసారి నేరుగా సోల్డరు చేయకుండా ఎనిమిది కాళ్ల సాకెట్ వేసి అందులో గుచ్చాను. స్కోపులో 35 చూపించింది. మా అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చుని, ఏమీ లేదంది. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు.

ఇంకొక నిర్ణయం గురించి చెప్పాలి. 7660ఎస్ 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి ఇక ఆ అడాప్టర్ వాడుకోవచ్చా అని కుర్రవాడు అడిగాడు. వద్దన్నాను, పంప్ తట్టుకున్నా రెండో ఐసీ మళ్లీ 36 అంచున వేలాడుతుంది. లోపల ఒక రెసిస్టరు, జీనర్ డయోడు వేసి 10 వోల్టుల దగ్గర కట్టడి చేస్తానన్నాను. అతడు ఒప్పుకోలేదు. తయారీదారు గీసిన సర్క్యూట్‌లో ఒక్క వస్తువు కూడా అదనంగా రాకూడదట, శబ్దం మారుతుందట. మారదని నాకు తెలుసు, అయినా వాదించలేదు. అంత ప్రేమగా దాచుకునే వస్తువు మీద యజమాని మాటకు విలువ ఇవ్వాలి. చివరికి మంచి రెగ్యులేటెడ్ 9 వోల్టుల అడాప్టర్ ఒకటి ఇచ్చి, దాని ప్లగ్‌కూ పెడల్ జాక్‌కూ ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాను. ఆ అడాప్టర్‌కు వేరే పెడళ్లు వరసగా తగిలించవద్దని కూడా చెప్పాను. పంప్ ఉన్న పెడల్ తన రొదను ఉమ్మడి వైరు గుండా పక్కవాటికి కూడా పంచగలదు.

తర్వాత

సెప్టెంబరులో వాల్యూమ్ నాబ్ తిప్పుతుంటే గరగరమంటోందని మళ్లీ తెచ్చాడు. ధూళి పట్టింది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పది సార్లు తిప్పితే పోయింది. ఎలాగూ మూత తీశాను కదా అని వోల్టేజీలు చూశాను. పైన 16.7, కింద మైనస్ 8.7, కరెంటు 19 మిల్లీయాంపులు. డయోడ్లు యథాతథంగా 0.29.

వెళ్లేటప్పుడు జేబులోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి నా బల్ల మీద పెట్టి, “మీ దగ్గరే ఉంచండి మాస్టారూ, ఎవరికైనా పనికొస్తాయి” అన్నాడు. నాలుగింటినీ కొలిచాను. మూడు 0.3కు అటూ ఇటూగా ఉన్నాయి. నాలుగోది 0.62 చూపించింది. జెర్మేనియం పేరుతో అమ్మిన సిలికాన్ డయోడ్ అది.